పరిశీలించినవారు: మా బాబాయి

మా బాబాయి మీద నాకు కోపం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇదంతా చదివాక ఆయన చాలా మంచివాడని మీకు అనిపించవచ్చు. మంచివాడే. కానీ చుట్టాలింటికి వెళ్ళి, కుశలమైనా అడక్కుండా వాళ్ళ నీళ్ళ మోటారు స్విచ్చు డబ్బా విప్పే మనిషితో మీరు ఒక్క ఆదివారం గడిపి చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

బాబాయి మా నాన్నకు తమ్ముడు. సర్క్యూట్ బోర్డులు గీసే ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. తూకం మిషను, లిఫ్టు, నీళ్ళ మోటారు, పళ్ళ డాక్టరు కుర్చీ, ఇలాంటివాటన్నిటి కడుపులో ఒక ఆకుపచ్చ పలక ఉంటుంది. దాని మీద సన్నటి రాగి గీతలు ఉంటాయి. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో కంప్యూటర్‌లో గీసిపెట్టడం అక్కడి పని. నాలుగేళ్ళ కిందట నేనూ అదే ఆఫీసులో చేరాను. బాబాయి సిఫారసు చేసి ఉంటాడని అందరూ అనుకున్నారు. నిజానికి ఆయన నన్ను చేరవద్దని బతిమాలాడు.

"వద్దు తల్లీ. అక్కడ నా పేరు పాడైపోయి ఉంది."

"పాడవడమేంటి బాబాయ్? నీకు షీల్డు కూడా ఇచ్చారుగా."

"అందుకే చెప్తున్నా" అన్నాడు.

షీల్డు సంగతి తర్వాత. ముందు పేరు సంగతి చెప్పాలి.

బాబాయి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆఫీసుకు ఆ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ప్రతి కొత్త బొమ్మకీ కాగితం కొలత, చుట్టూ అంచు, గీతల మందం, రంధ్రాల సైజు మొదటినుంచి పెట్టుకుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకని అవన్నీ అమర్చిన నమూనా ఒకటి తయారుచేసి దాచుకుంటారు. దాని పేరు టెంప్లేట్. ఇక ఆ తర్వాత ఎవరు "కొత్త బొమ్మ" అని నొక్కినా వాళ్ళకు ఖాళీ కాగితం రాదు, ఆ నమూనాకు నకలు వస్తుంది. అందులో ముందుగానే కూర్చుని ఉన్నవన్నీ డిఫాల్టులు. మీరు మారిస్తే మారతాయి. మార్చకపోతే అవి మిమ్మల్ని అడిగేదీ లేదు, మీకు చెప్పేదీ లేదు, ఉన్నవి ఉన్నట్టు బోర్డు మీదికి ఎక్కేస్తాయి.

ఆ నమూనా తయారుచేసే పని, కొత్తగా చేరాడు కదా అని, బాబాయికి అప్పగించారు. కాగితం కింద కుడిమూల ఒక చిన్న పట్టిక ఉంటుంది: గీసినవారు, పరిశీలించినవారు, తేదీ. ఆ గడుల్లో అక్షరాలు సరిగ్గా పడతాయో లేదో చూద్దామని బాబాయి మొదటి గడిలో మూడు అడ్డదిడ్డం గీతలు కొట్టాడు. రెండో గడిలో తన పేరు కొట్టాడు. చక్కగా పట్టాయి. మురిసిపోయాడు. ఇంతలో ఎవరో భోజనానికి పిలిచారు. భద్రపరిచే బటన్ నొక్కి వెళ్ళిపోయాడు. ఆయన జీవితంలో చేసిన తప్పు మొత్తం అంతే.

ఆ రోజునుంచి ఆఫీసులో ఎవరు బొమ్మ తెరిచినా మొదటి గడిలోని పిచ్చి గీతలు చెరిపి తమ పేరు రాసుకున్నారు. తమ పని మీద తమ పేరు ఉండాలని ఎవరికుండదు? రెండో గడిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఖాళీగా ఉంటే ఆగేవాళ్ళు, ఇక్కడేం రాయాలని పక్కవాళ్ళను అడిగేవాళ్ళు, ఎవరికి చూపించాలో కనుక్కునేవాళ్ళు. అది నిండుగా ఉంది. నిండుగా ఉన్న గడి దగ్గర ఆగే తీరిక ఎవరికీ ఉండదు. పైగా ఆ పట్టిక అలాగే బోర్డు మూల తెల్లటి అక్షరాల్లో అచ్చవుతుంది. అలా మా బాబాయి, ఒక్క బోర్డు కూడా చూడకుండా, ఆఫీసులో తయారైన ప్రతి బోర్డునీ పరిశీలించినవాడైపోయాడు.

ఆయనకు ఈ సంగతి తెలిసేసరికి ఏడాది దాటింది. ఎవరిదో పాడైన తూకం మిషను ఆఫీసుకు తిరిగొచ్చింది. విప్పి చూస్తే లోపల తన పేరు. ఆయన ఆ బోర్డును అంతకుముందు కలలో కూడా చూడలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి టెంప్లేట్ తెరవబోతే తెరుచుకోలేదు. దాన్ని పెద్ద కంప్యూటర్‌లోకి ఎక్కించి తాళం వేసేశారు. మార్చాలంటే మార్పు కోరుతూ ఫారం పెట్టుకోవాలి.

ఆ ఫారాలు తీసుకునే ఆవిడను మేమంతా ఫారాల మేడమ్ అంటాం. బాబాయి ఫారం నింపి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"మీరే అడుగుతున్నారు, మీరే పరిశీలించారు. ఇదెలా కుదురుతుందండీ?"

బాబాయి ఫారం తిప్పి చూశాడు. కింద కుడిమూల అచ్చులో ఉంది, పరిశీలించినవారు అని తన పేరు. ఎవరో తెలివైనవాడు ఆఫీసు ఫారాలన్నీ అదే సాఫ్ట్‌వేర్‌లో, అదే టెంప్లేట్ మీద తయారుచేశాడు. బాబాయి పెన్నుతో తన పేరు కొట్టేశాడు. కొట్టివేతలున్న ఫారం చెల్లదంది మేడమ్. కొత్త ఫారం అడిగాడు. కొత్తదాని మీదా పేరుంది. ఖాళీ కాగితం మీద రాసిచ్చాడు. ఫారం కానిదాన్ని ఫారంగా తీసుకోలేనంది. ఆవిడ కావాలని చేసిందనుకునేరు, పాపం అదేమీ లేదు. నిజంగానే ఆవిడకు బాబాయంటే గౌరవం. ప్రతి కాగితం మీదా ఆయన పేరే మరి.

ఇంకొకరైతే చేతులు దులిపేసుకుని ఊరుకునేవాళ్ళు. బాబాయి ఊరుకోలేదు. ఒకవేళ టెంప్లేట్ మారినా, అప్పటికే నకళ్ళుగా వెళ్ళిపోయిన బొమ్మలు మారవు కదా, అని ఆలోచించాడు. ఆలోచించి, మనిషన్నవాడికి రాకూడని నిర్ణయానికి వచ్చాడు. పేరు ఎలాగూ తియ్యనివ్వడం లేదు కాబట్టి, ఆ పేరును నిజం చేయాలి. తన పేరున్న ప్రతి రకం బోర్డునూ, ఒక్కో రకానికి ఒక్కటైనా, తాను కళ్ళారా చూడాలి. రిటైరయ్యేలోపు మొత్తం అయిపోవాలి.

"నేను చూడనిదాని మీద నా పేరుండకూడదు తల్లీ. ఉందంటే నేను అబద్ధాలకోరునని అర్థం" అనేవాడు.

"కంప్యూటర్‌లో బొమ్మలున్నాయిగా, అవి తిరగేస్తే సరిపోదా?" అని అడిగాను ఒకసారి.

"బొమ్మలో నవ్వుతూ ఉండి, బోర్డులో కాలి చచ్చినవి ఎన్నో నీకేం తెలుసు" అన్నాడు.

ఇక చూడండి మా బతుకులు. బాబాయి సంచిలో స్క్రూడ్రైవర్, భూతద్దం, టంకం కడ్డీ, ఎర్ర పెన్సిలు, రకాలన్నీ రాసుకున్న లావుపాటి నోటుపుస్తకం. చూసినదాని పక్కన ఎర్ర టిక్కు. మేం వస్తున్నామని తెలిస్తే చుట్టాలు మిషన్లు దాచుకోవడం మొదలుపెట్టారు. మా అత్తయ్య ఒకావిడ బట్టలుతికే మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద కూర్చుని మాకు కాఫీ ఇచ్చింది. కంటి ఆస్పత్రి లిఫ్టులో బాబాయి బటన్ల పలక విప్పితే అది రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల కళ్ళకు కట్టు కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఏమైంది, ఏమైందని కంగారుపడుతుంటే బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని, "కంగారేం లేదండీ, ఈ బోర్డు నేను పరిశీలించిందే" అన్నాడు. అప్పుడే పరిశీలించాడు కాబట్టి అది నిజం కూడా.

పళ్ళ డాక్టరు కుర్చీ దగ్గర గట్టి చిక్కొచ్చింది. ఉత్తినే కుర్చీ విప్పుతానంటే డాక్టరు ఒప్పుకోలేదు. రోగులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదన్నాడు. బాబాయి పన్ను నొప్పని చెప్పి వెళ్ళి పడుకున్నాడు. డాక్టరు మత్తు ఇంజక్షను ఇచ్చి పక్క గదిలోకి వెళ్ళినప్పుడు కిందికి జారి, కుర్చీ అడుగున మూత విప్పి, బోర్డు చూసుకుని, మళ్ళీ ఎక్కి పడుకున్నాడు. కానీ అప్పటికి నోరు సగం మొద్దుబారిపోయింది, వద్దని చెప్పడానికి మాట రాలేదు. మంచి పన్ను ఒకటి పోయింది. ఇంటికొచ్చి బుగ్గ పట్టుకుని నోటుపుస్తకంలో టిక్కు పెడుతుంటే మా పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంకా ఎన్ని ఉన్నాయండీ?"

"పదకొండు వందల ముప్పై."

"మీ నోట్లో అన్ని పళ్ళు లేవు" అంది పిన్ని.

అసలు ఆయన్ను ఎక్కువ ఏడిపించింది షీల్డు. బయటినుంచి నాణ్యత చూసేవాళ్ళు కొందరు ఆఫీసుకు వచ్చి, ఇన్నేళ్ళుగా ప్రతి బోర్డునీ ఒకే మనిషి పరిశీలించాడని చూసి నోరెళ్ళబెట్టారు. ఇంత నిలకడ తామెక్కడా చూడలేదన్నారు. మేనేజరు పొంగిపోయి సభ పెట్టి బాబాయికి షీల్డు ఇచ్చాడు. బాబాయి మైకు ముందుకెళ్ళి, "నేను ఇవేవీ చూడలేదండీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, వినయమంటే ఇదీ అని. ఆయన అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దానికి ఇంకా గట్టిగా కొట్టారు.

నేను ఆఫీసులో చేరిన కొన్ని నెలలకే ఆయనకు పిత్తాశయంలో రాళ్ళు పడి ఆపరేషన్ అయితే రెండు నెలలు సెలవు పెట్టాడు. ఆ రెండు నెలల్లో ఆయన పన్నెండు బోర్డులు పరిశీలించాడు. అందులో ఒకటి సరిగ్గా ఆపరేషన్ జరిగిన రోజున. నేను ఆస్పత్రికి వెళ్ళి ఆ మాట చెప్పి నవ్వితే ఆయన నవ్వలేదు. కుట్లు లాగుతాయని కాదు. "ఎవరిదమ్మా ఆ బోర్డు?" అని అడిగాడు. నేను మాట మార్చేశాను.

ఎందుకంటే అది నాది.

చేరిన కొత్తలో, నా మొదటి బొమ్మ పూర్తయ్యాక, దీన్ని ఎవరికి చూపించాలని పక్క సీటులోని సీనియర్‌ను అడిగాను. "ఆ గడి నిండే ఉందిగా" అన్నాడాయన. కథంతా నాకు తెలుసు. ఆ పేరు వెనక మనిషి లేడని ఆఫీసులో అందరికంటే నాకే బాగా తెలుసు, ఆ మనిషి ఇంట్లో నేను భోజనం చేస్తాను. అయినా నవ్వుకుని వదిలేశాను. ఆ తర్వాత అదే అలవాటైంది. కోపం బాబాయి మీదని మొదట్లో అన్నాను కదా, అందులో సగం వాటా నాది.

ఆ మొదటి బొమ్మే ఆపరేషన్ రోజు బోర్డు, గుడ్లు పొదిగే మిషనుది. నాలుగు వైపులా నాలుగు హీటర్లు ఉంటాయి, గుడ్లకు సమంగా వెచ్చదనం అందాలి. బోర్డు బాగా వచ్చిందని నేను మురిసిపోయాను. అలాంటి మిషన్లు నలభై అమ్ముడుపోయాయి.

రిటైర్మెంటుకు పది రోజులుందనగా బాబాయి నోటుపుస్తకంలో ఒకే ఒక్క రకం మిగిలింది. మిగతావన్నీ ఎర్ర టిక్కులే. లిఫ్టుల్లో ఇరుక్కుని, చుట్టాలతో తిట్లు తిని, పన్ను పోగొట్టుకుని, ఇరవై ఐదేళ్ళుగా పడ్డ తిప్పలు ఒక్క టిక్కు దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ ఒక్కటీ పెడితే తన పేరు ఎక్కడ కనిపించినా తలెత్తుకుని చూడగలడు. ఆ మిగిలింది నా పొదిగే మిషనే. ఆ మిషన్లన్నీ ఊరి బయట కోళ్ళ షెడ్డుల్లో ఉండటంతో బస్సు లేక అన్నాళ్ళూ వాయిదా వేశాడు.

"నా స్కూటీ మీద తీసుకెళ్తా బాబాయ్. చివరిది నాదే కావడం చూడు, ఎంత బాగుందో" అన్నాను. నా నోరు పడిపోనూ.

ఆదివారం పొద్దున వెళ్ళాం. షెడ్డు యజమానురాలు గట్టి గొంతు మనిషి. ఆవిడ మమ్మల్ని చూడగానే మిషను బాగుచేసేవాళ్ళం అనుకుంది.

"ఇప్పుడా రావడం? కుడివైపు వెనక మూల గుడ్లు ఎప్పుడూ రెండు రోజులు ఆలస్యంగా పగులుతాయన్నయ్యా. ఆ మూల పుట్టిన పిల్లలన్నీ మందకొడివి."

బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని మూత విప్పాడు. లోపలినుంచి కాలిన వాసన వచ్చింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత జరిగి నాకు చోటిచ్చాడు. మూడు హీటర్లకు వెళ్ళే రాగి గీతలు వెడల్పుగా, దర్జాగా ఉన్నాయి. నాలుగోదానికి వెళ్ళే గీత వెంట్రుకంత ఉంది. దాని చుట్టూ పలక మాడి గోధుమరంగుకు తిరిగింది. గీత మందానికి టెంప్లేట్‌లో ఉన్న డిఫాల్టు పావు మిల్లీమీటరు. చిన్న చిన్న సంకేతాలు పోవడానికి అది చాలు, హీటరు కరెంటుకు చాలదు. మూడింటిని నేను వెడల్పు చేశాను. నాలుగోదాన్ని మరిచిపోయాను. నేను మరిచిపోయినా సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. దానిదగ్గర ఒక అంకె ఉంది, అది వేసింది.

మూలన తెల్లటి అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. గీసినవారు నేను. పరిశీలించినవారు మా బాబాయి. తేదీ, ఆయనకు మత్తిచ్చిన రోజు.

"ఇంకో వేసవి గడిస్తే అంటుకునేది" అన్నాడు బాబాయి మెల్లగా.

షెడ్డు నిండా కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి, ఆ మూల మందకొడివి కూడా. బాబాయి సంచిలోంచి లావుపాటి తీగ ముక్క తీసి ఆ గీత మీద పరిచి అక్కడికక్కడే టంకం పెట్టాడు. మిషను ఆన్ చేసి నాలుగు వైపులా చెయ్యి పెట్టి చూశాడు. యజమానురాలికి, మిగతా మిషన్లు కూడా వచ్చి సరిచేస్తామని మాటిచ్చాడు. నోటుపుస్తకం తీశాడు. ఎర్ర పెన్సిలు కాసేపు పట్టుకుని, టిక్కు పెట్టకుండానే మూసేశాడు.

దారిలో ఆయన మిగతా మిషన్లు ఏయే షెడ్డుల్లో ఉన్నాయో మాత్రమే అడిగాడు. తిడితే బాగుండేది.

మర్నాడు ఆయనే రిపోర్టు రాసిచ్చాడు. నలభై మిషన్లు ప్రమాదంలో ఉన్నాయంటే మాటలు కాదు కాబట్టి ఆ మధ్యాహ్నమే విచారణ పెట్టారు. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. పరిశీలించిన బోర్డులో తప్పుంటే బాధ్యత పరిశీలించినవారిది. ఎవరికీ చూపించకుండా పంపితే గీసినవారి ఉద్యోగం పోతుంది. బల్లకు అవతల మేనేజరు, ఫారాల మేడమ్. ఇవతల నేను, బాబాయి. మధ్యలో మాడిన బోర్డు.

"ఇది ఎవరు చూశారు?" అన్నాడు మేనేజరు. ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

నేను లేచి నిలబడ్డాను. "ఎవరూ చూడలేదు సార్. నేనే ఎవరికీ చూపించలేదు. తప్పు నాది."

మేనేజరు బోర్డును వెలుగులోకి తిప్పాడు. "ఇక్కడ పేరుందిగా."

"అది డిఫాల్టు సార్. ఎవరూ పెట్టకపోయినా అదే వచ్చేస్తుంది."

"డిఫాల్టు అనే ఉద్యోగి మన దగ్గర లేడమ్మా. కూర్చో."

"నిజం సార్..."

"నేనే చూశాను" అన్నాడు బాబాయి.

నేను ఆయనవైపు తిరిగాను. ఆయన నావైపు చూడలేదు. ఫారాల మేడమ్ తన కాగితాలు తిరగేసింది.

"ఆ రోజు మీరు సెలవులో ఉన్నారండీ. ఆపరేషన్ అని రాసుంది."

"ఆస్పత్రికి తెప్పించుకుని చూశానండీ. మత్తు ఎక్కేలోపు."

"ఆఫీసు బొమ్మ బయటికి తీసుకెళ్ళాలంటే ఫారం ఉంటుంది. అది కనపడ్డం లేదే?"

"అది పెట్టలేదండీ. అదీ నా తప్పే."

మేడమ్ రెండూ రాసుకుంది. బొమ్మ సరిగ్గా చూడకపోవడం ఒకటి, ఫారం పెట్టకపోవడం ఒకటి. రెండోది రాసేటప్పుడు ఆవిడ ముఖం నిజంగా బాధగా పెట్టింది. ఆయన్నుంచి ఇలాంటిది ఊహించలేదు.

బయటికి రాగానే నేను వరండాలోనే గొంతెత్తాను. "ఎందుకు చెప్పావు బాబాయ్ అబద్ధం? చూడనిదాని మీద పేరుండకూడదని జీవితమంతా మా ప్రాణాలు తీసి, ఇప్పుడు నీ అంతట నువ్వే..."

"చూడలేదు మొర్రో అని ఇరవై ఐదేళ్ళు మొత్తుకున్నా, ఒక్కళ్ళూ నమ్మలేదు" అన్నాడు. "చూశానంటే ఎంత తొందరగా నమ్మేశారో చూడు."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆయన సంచి భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"నువ్వు తెచ్చుంటే చూసేవాణ్ణి తల్లీ. నిజంగానే మత్తు ఎక్కేలోపు చూసేవాణ్ణి. మన ఇంటి పిల్ల గీసిన మొదటి బొమ్మ కదా."

ఆ మాటకు మాత్రం ఏడుపొచ్చింది.

షీల్డు వెనక్కి తీసుకున్నారు. వీడ్కోలు లేఖలో "మచ్చలేని" అన్న మాట తీసేశారు. ఆఖరి వారమంతా బాబాయి నా స్కూటీ వెనక కూర్చుని షెడ్డు షెడ్డుకీ తిరిగి మిగిలిన ముప్పై తొమ్మిది మిషన్లకూ తీగలు అతికించాడు. ఆయన టంకం పెట్టాడు, నేను టార్చి పట్టుకున్నాను. విచారణ పుణ్యమా అని ఇన్నేళ్ళూ జరగనిది మూడు రోజుల్లో జరిగింది. టెంప్లేట్‌లో ఆ గడిని ఖాళీ చేయించారు. ఖాళీగా వదిలేస్తే బొమ్మ భద్రం కాకుండా సాఫ్ట్‌వేర్‌కు కట్టడి కూడా పెట్టారు. ఇకమీదట ఎవరో ఒకరు చూసి తీరాలి.

బాబాయి వెళ్ళిపోయిన తర్వాతి సోమవారం కొత్త టెంప్లేట్ అమల్లోకి వచ్చింది. ఆ వారం ఏడు బొమ్మలు తయారయ్యాయి. ఖాళీ గడి కనిపించగానే అందరూ ఆగారు, నేననుకున్నట్టే. ఇక్కడేం రాయాలని పక్కవాళ్ళను అడిగారు. పక్కవాళ్ళు పాత బొమ్మలు తెరిచి చూసి చెప్పారు. ఆరుగురు తమ చేత్తో, ఒక్కో అక్షరం నొక్కుకుంటూ, మా బాబాయి పేరు కొట్టారు.

ఏడో బొమ్మ నాది. దాని గడి ఎదురుగా కూర్చుని కాసేపు చూశాను. తర్వాత అచ్చు తీసి చుట్టచుట్టుకుని, సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసిన పిన్ని నా చేతిలో కాగితం చూసి అనుమానంగా అడిగింది.

"ఏమే, మళ్ళీ ఎవరి మిషను విప్పాలి?"

"విప్పేది లేదు పిన్నీ. ఊరికే చూడాలి."

బాబాయి భోజనాల బల్ల మీద కాగితం పరిచాడు. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. స్కేలు, భూతద్దం, ఎర్ర పెన్సిలు. ప్రతి గీత మీదా వేలు పెట్టి, ఇది ఎక్కడికి, ఇంత మందం ఎందుకు, దీంట్లో కరెంటు ఎంత, అని అడిగాడు. నేను లెక్క వేసిన కాగితాలు చూపించాను. ఒక చోట నీళ్ళు నమిలాను. అక్కడ సున్నా చుట్టాడు. ఇంకోచోట నేనడగకుండానే సున్నా చుట్టాడు. పిన్ని మూడుసార్లు వచ్చి భోజనం పెట్టుకుంటామంది, మూడుసార్లూ బల్ల ఖాళీ లేక వెళ్ళిపోయింది.

"బాబాయ్, ఇంక సంతకం..."

"ఇప్పుడే పెట్టను. సరిచేసి రేపు తీసుకురా" అన్నాడు కటువుగా. ఇంత కటువుగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు తీసుకెళ్ళాను. ఇంకొకటి పట్టుకున్నాడు. మూడోరోజు మొత్తం చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. "పరిశీలించినవారు" అన్న చోట తన పేరు రాయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ కంప్యూటరే రాసిన పేరు, ఆ గడిలో చేత్తో ఎప్పుడూ రాసినవాడు కాదు. అక్షరాలు పెద్దవై సగంలోనే గడి నిండిపోయింది, మిగతా పేరు అంచు దాటి బయటికి వచ్చింది. నా ముఖం చూడకుండా నోటుపుస్తకం తెచ్చుకుని, కొత్త పేజీలో ఆ బొమ్మ పేరు రాసి పక్కన ఎర్ర టిక్కు పెట్టాడు.

మర్నాడు ఆఫీసులో నేను ఆ గడిలో ఆయన పేరు కొట్టి బొమ్మ భద్రపరిచాను. రిటైరైన మనిషి ఎలా పరిశీలించాడని ఎవరూ అడగలేదు. ఫారాల మేడమ్ ఏడు బొమ్మలూ వరసగా పెట్టుకుని, ఏడింటి మీదా ఒకే పేరు చూసి, తృప్తిగా ముద్ర వేసింది. ఆ ఏడింటిలో ఒకటి నిజం. ఎంత వెలుగులో పెట్టి చూసినా అదేదో కనిపెట్టలేరు. తెలిసినవాళ్ళం ముగ్గురమే. బాబాయి, నేను, ఆ మూడు సాయంత్రాలూ భోజనాల బల్ల మీద ఎర్ర పెన్సిలు పొడి తుడిచిన మా పిన్ని.